విమానాశ్రయం ఉందిగా, విమానం కూడా కావాలా?

మన జనానికి ఆశ మరీ ఎక్కువైంది. రన్‌వే వేశారు, అద్దాల టెర్మినల్ కట్టారు, దాని ముందు వరసగా క్రోటన్ మొక్కలు పెట్టి రోజూ నీళ్లు కూడా పోయిస్తున్నారు. అయినా "సార్, విమానం ఎప్పుడొస్తుంది" అనే అడుగుతారు. చిన్న ఊరి విమానాశ్రయం ఉన్నది ప్రయాణికుల కోసమని వీళ్లకు ఎవరు చెప్పారో తెలీదు. చరిత్ర తిరగేస్తే మాత్రం దాని అసలు పని ప్రారంభం కావడమే అని తేలుతుంది. అదీ ఒకసారితో సరిపెట్టుకోకుండా, వీలైనన్నిసార్లు.

కడపనే తీసుకోండి. 2015 జూన్‌లో కొత్త హంగులతో ముఖ్యమంత్రి చంద్రబాబు ప్రారంభించారు, బెంగళూరు నుంచి ఎయిర్ పెగాసస్ విమానం దిగింది, అందరూ చప్పట్లు కొట్టారు. మరుసటి ఏడాది జూలైకి ఆ కంపెనీయే ఎగరడం మానేసింది. 2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లాలో, చిన్న ఊళ్లకు చౌకగా విమానాలు నడపడానికి పెట్టిన ఉడాన్ పథకం తొలి విమానానికి జెండా ఊపుతూ అదే ఊపులో కడప–హైదరాబాద్ ట్రూజెట్‌కి కూడా ఊపారు. మళ్లీ చప్పట్లు. 2022 ఫిబ్రవరికల్లా ట్రూజెట్ కూడా మూతపడింది. మార్చిలో ఇండిగో వచ్చింది. ఏడేళ్లలో ఒకే ఊరికి మూడుసార్లు విమానయోగం పట్టిందన్నమాట. రోజూ వచ్చే ప్యాసింజరు రైలుకి ఎవరైనా ఇన్నిసార్లు దండ వేశారా?

ఓర్వకల్లు ఇంకో అడుగు ముందుకేసింది. కర్నూలు దగ్గరి ఈ విమానాశ్రయాన్ని 2019 జనవరిలో, ఎన్నికల ముందు, ఒక ముఖ్యమంత్రి ప్రారంభించారు. 2021 మార్చిలో మరో ముఖ్యమంత్రి ప్రారంభించారు. మధ్యలో రెండేళ్లు టికెట్ కొనుక్కుని ఎక్కినవాడు ఒక్కడూ లేడు, ఎందుకంటే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లైసెన్సు 2021లో గానీ రాలేదు. లైసెన్సు లేకుండా స్కూటర్ నడిపితే చలానా రాస్తారు గానీ, లైసెన్సు లేకుండా ప్రారంభోత్సవం చేసుకోకూడదని ఏ చట్టంలోనూ లేదు.

ఉడాన్ లెక్కలు కూడా కాస్త చూద్దాం, ఎందుకంటే విమర్శించేవాళ్లు ఎప్పుడూ లెక్కలే పట్టుకొస్తారు. హవాయి చెప్పులేసుకున్నవాడు కూడా హవాయి జహాజ్ (హిందీలో విమానం) ఎక్కాలన్నది పథకం ఉద్దేశం. మొదట్లో గంట ప్రయాణానికి 2,500 రూపాయలని పరిమితి పెట్టారు. పరిమితి విమానంలో సుమారు సగం సీట్లకే, మిగతా సగం మార్కెట్ రేటు. కాబట్టి చెప్పులేసుకున్నవాడు కాస్త తొందరగా బుక్ చేసుకోవాలి, లేటైతే బూట్లు కొనుక్కోవాలి. ఆ సగం సీట్ల మీద కంపెనీకి వచ్చే నష్టాన్ని ప్రభుత్వం మూడేళ్లు పూడుస్తుంది. అందుకు కావాల్సిన డబ్బులో ఎక్కువ భాగం పెద్ద రూట్లలో తిరిగే విమానాల మీద వేసిన లెవీ నుంచి వస్తుంది, కొంత రాష్ట్రం వేసుకుంటుంది. అంటే ఢిల్లీ–ముంబై తిరిగే పెద్దమనిషి తనకు తెలియకుండానే ఏదో చిన్న ఊళ్లో దిగే విమానం మీద చిమ్మే నీళ్ల సెల్యూట్‌కి చందా ఇస్తున్నాడు. ఇంత గుప్తదానం పురాణాల్లో కూడా అరుదు.

2023లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఉడాన్ మీద ఒక నివేదిక ఇచ్చింది. మూడు విడతల్లో 774 రూట్లు కేటాయిస్తే 403 అసలు మొదలే కాలేదట. గిట్టనివాళ్లు దీన్ని వైఫల్యం అంటారు. నాకు అలా అనిపించదు. మొదలవని విమానం ఆలస్యం కాదు, రద్దు కాదు, మన సామాను వేరే ఊళ్లో దింపదు. సమయపాలనలో దాన్ని కొట్టే సర్వీసు ప్రపంచంలోనే లేదు. మొదలైన 371 రూట్లలో మూడేళ్ల గడువు పూర్తిగా నడిచినవి 112. సబ్సిడీ ఆగాక కూడా, 2023 మార్చి నాటికి, నిలబడినవి 54. దీనికి కంపెనీలను ఆడిపోసుకోవడం అన్యాయం. కొత్తల్లుడు మాత్రం, కట్నం బాకీ తీరాక కూడా ప్రతి పండక్కీ అత్తారింటికి వస్తున్నాడా ఏంటి?

అయినా విమానం తిరిగొచ్చిన రోజు వైభవం చూసినవాడెవడూ ఈ లెక్కలు మాట్లాడడు. అటొకటి ఇటొకటి ఫైరింజన్లు నిలబడి తోరణంలా నీళ్లు చిమ్ముతాయి, డెబ్బై సీట్ల చిన్న ఏటీఆర్ విమానం తడుచుకుంటూ ఆ మధ్యలోంచి వస్తుంది. తలుపు వెనకవైపు ఉంటుందని తెలియక సగం మంది ముందువైపు బొకేలు పట్టుకుని నిలబడతారు, తర్వాత అందరూ పరుగో పరుగు. మంచం అంత అట్టముక్క మీద అచ్చేయించిన బోర్డింగ్ పాస్‌ని ఆరుగురు కలిసి పట్టుకుంటారు. తిరుగు విమానంలో నాయకులు, వాళ్ల మనుషులు, అధికారులు, విలేకరులు. వీళ్ల మధ్య సొంత డబ్బు పెట్టి టికెట్ కొన్నవాడు ఎవడో ఒకడు ఉంటాడు పాపం, ల్యాప్‌టాప్ బ్యాగు వేసుకుని. అతన్ని కూడా శాలువా కప్పి ఫొటో తీశాక, "ఇంతకీ మీరు ఎవరి తాలూకు సార్" అని అడుగుతారు.

ఆ బ్యాగు మనిషితోనే వస్తుంది చిక్కంతా. అతను మళ్లీ ఎక్కాలనుకుంటాడు. విమానం వారానికి మూడు రోజులే. సోమవారం పొద్దున పని మీద వెళ్లినవాడు సాయంత్రం తిరిగి రాలేడు, బుధవారం దాకా హోటల్లో కూర్చోవాలి. సరే, ఓర్చుకున్నాడు. రెండోసారి ఎయిర్‌పోర్టుకి సగం దూరం పోయాక ఫోన్ మోగింది, ఆపరేషనల్ కారణాల వల్ల సర్వీసు రద్దు. కారణం చాలా మామూలుదే. కంపెనీకి ఉన్నవే నాలుగు విమానాలు, ఒకటి మరమ్మతుకొచ్చింది, ఉన్నదాన్ని ఎక్కువ డబ్బులొచ్చే రూట్‌కి పంపారు. లేదంటే పొగమంచు. పరికరాల సాయంతో దిగే ఏర్పాటు లేని చోట పైలట్‌కి ఐదు కిలోమీటర్ల దూరం కంటికి కనిపించాలి, రన్‌వేకి లైట్లు లేకపోతే చీకటి పడకముందే అన్నీ అయిపోవాలి. మూడోసారి అతను టెన్షన్ ఎందుకని ముందే నైట్ బస్సులో స్లీపర్ బుక్ చేసుకున్నాడు. అలా ఒక్కొక్కరూ బస్సెక్కేశాక కంపెనీ చాలా బాధగా ఒక ప్రకటన ఇస్తుంది, ఈ ఊళ్లో డిమాండ్ లేదని. మూడు రోజులు రెండవుతాయి, రెండు సున్నా అవుతాయి. విమానం లేదని జనం ఎక్కరు, జనం ఎక్కరని విమానం రాదు.

దీనికి విరుగుడు రోజూ ఒకే వేళకు, పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చేలా సర్వీసు నడపడమని కొందరు అమాయకులు అంటారు. వినడానికి బాగానే ఉంది. కానీ మంగళవారం పొద్దున ఏడింటికి సగం నిండిన విమానం వేళకు బయల్దేరడాన్ని ఎవరొచ్చి ప్రారంభిస్తారు? దానికి రిబ్బన్ ఎక్కడ కడతారు? అందుకే టెండర్ల పద్ధతే మార్చాలని నా ప్రతిపాదన. ఇప్పుడు సీటుకి ఎవరు తక్కువ సబ్సిడీ అడిగితే వాళ్లకు రూట్ ఇస్తున్నారు. ఇకమీదట ప్రారంభోత్సవాలనే వేలం వేయాలి. మూడేళ్లలో ఎక్కువసార్లు ఆగి, ఎక్కువసార్లు తిరిగొస్తామని ఒప్పుకున్న కంపెనీకే కాంట్రాక్టు ఇస్తే సరి. ఇప్పుడు ఉచితంగా జరుగుతున్న పనే కదా, కాస్త ఆదాయమైనా వస్తుంది.

ఇక వరంగల్ వాళ్ల వంతు. మామునూరులో నిజాం కాలంలో, 1930లో, కట్టిన విమానాశ్రయం 1981 దాకా నడిచింది. తర్వాత హైదరాబాద్ శంషాబాద్ విమానాశ్రయం ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు ఇంకో విమానాశ్రయం వద్దన్న షరతు అడ్డుపడింది. చివరికి అడ్డం తొలగి 2025 ఫిబ్రవరి 28న కేంద్రం అనుమతిచ్చింది. అనుమతి కాగితం ఇంకా ప్రింటర్‌లోంచి బయటికి రాకముందే అది మావల్ల వచ్చిందంటే మావల్ల వచ్చిందని పార్టీల వాళ్లు గొడవకు దిగారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని ఊరికే అన్నారా! పేరు ఎవరిది పెట్టాలన్న రగడ కూడా ముందుంది, కంగారు పడకండి.

భూసేకరణ, రన్‌వే పొడిగింపు, టెర్మినల్ ఇవన్నీ ఇంజనీర్లు చూసుకుంటారు. ఓరుగల్లు పెద్దలకు నా సలహా ఒక్కటే, అదీ రాతిపనికి సంబంధించింది. శిలాఫలకం గ్రానైట్‌తో, మనిషెత్తున, గట్టిగా చేయించండి. మొదటి పేరు బాగా పైన చెక్కించి, కింద కనీసం నలుగురికి సరిపడా చోటు ఖాళీగా ఉంచండి. చెక్కేవాడికి ఇప్పుడే అడ్వాన్సు ఇచ్చేస్తే రేటు కూడా కలిసొస్తుంది.