కరెంటు వర్జీనియాకు, టవర్లు మేరీలాండ్ పొలాల్లో

అమెరికాలో తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడిన ఊళ్లలో వర్జీనియాలోని ఆష్‌బర్న్ ఒకటి. అది ఉన్న లౌడన్ కౌంటీలో ఎటు చూసినా పెట్టెల్లాంటి పెద్దపెద్ద కట్టడాలే. అన్నీ డేటా సెంటర్లు, అంటే ఇంటర్నెట్ సేవలు నడిపే కంప్యూటర్లు పెట్టిన కట్టడాలు. వాటి మీద వచ్చే పన్ను లౌడన్ ఖజానాకు చేరుతుంది. వాటికి కావాల్సిన కరెంటు తీగలు మాత్రం పోటోమాక్ నదికి అవతల, పక్క రాష్ట్రం మేరీలాండ్ రైతుల నెత్తిమీదుగా పోవాలట.

ఆ లైను పేరు మేరీలాండ్ పీడ్‌మాంట్ రిలయబిలిటీ ప్రాజెక్ట్. 500 కిలోవోల్టులు, దాదాపు 67 మైళ్లు. బాల్టిమోర్, క్యారల్, ఫ్రెడరిక్ కౌంటీల మీదుగా డబ్స్ సబ్‌స్టేషన్ దాకా వెళ్తుంది. కట్టేది న్యూజెర్సీకి చెందిన కరెంటు కంపెనీ పీఎస్ఈజీ. తీగల కింద 150 అడుగుల వెడల్పు జాగా వదలాలి. లెక్కేస్తే మైలుకు 18 ఎకరాలు, మొత్తం 1,200 ఎకరాల పైమాటే. అక్కడ ఎత్తుగా పెరిగే చెట్టు ఉండకూడదు, ఇల్లు కట్టకూడదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఒక పాత ఒప్పందం. సాగుభూమిని కాపాడటానికి మేరీలాండ్ 1977లోనే ఒక ప్రభుత్వ సంస్థను పెట్టింది. రైతు తన పొలంలో వెంచర్లు వేసే హక్కును సర్కారుకు అమ్మేస్తాడు. ఆ భూమి ఇక తరతరాలూ సాగుకే. ఇళ్లు కట్టనని సంతకం పెట్టిన అలాంటి పొలాల్లోకి ఇప్పుడు టవర్లు వస్తామంటున్నాయి. ప్లాట్లు లేని ఖాళీ నేల కదా, గీత గీయడం సులువు! మాట నిలబెట్టుకున్నందుకు దక్కిన ఫలితం ఇది.

కంపెనీ వాదన పూర్తిగా కొట్టిపారేసేది కాదు. మేరీలాండ్ తన కరెంటులో దాదాపు 40 శాతం బయటి నుంచే తెచ్చుకుంటోంది, పాత బొగ్గు ప్లాంట్లు మూతపడుతున్నాయి. కానీ సర్వేకు ఒప్పుకోని వందమందికి పైగా భూయజమానుల మీద కోర్టుకెక్కి, 2025 జూన్‌లో ఫెడరల్ జడ్జి దగ్గర లోపలికి వెళ్లే ఉత్తర్వు తెచ్చుకున్నాక నమ్మకం ఎక్కడ మిగులుతుంది? పైగా బిల్లుల సంగతి వేరే ఉంది. 13 రాష్ట్రాలకు, వాషింగ్టన్ డీసీకి గ్రిడ్ నడిపే పీజేఎం వేలంలో 2024–25కు రోజుకు మెగావాట్‌కు 28.92 డాలర్లున్న కెపాసిటీ ధర (అవసరమైనప్పుడు కరెంటు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నందుకు ప్లాంట్లకు చెల్లించేది), 2025–26కు 269.92 డాలర్లకు ఎగబాకింది. డేటా సెంటర్ల డిమాండ్ దీనికి ఒక ముఖ్య కారణం. ఆ భారం ఏ డేటా సెంటరూ లేని ఊరి ఇళ్ల బిల్లుల్లోనూ పడుతుంది.

ఇక మన సంగతి. 2025 అక్టోబర్‌లో విశాఖకు గూగుల్ డేటా సెంటర్ ఖాయమైంది. పెట్టుబడి అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు. భూమి గురించి, నీళ్ల గురించి అడిగినవాళ్లున్నారు. గిగావాట్ స్థాయి కరెంటు ఏ ఊళ్ల మీదుగా వస్తుందన్న ప్రశ్న మాత్రం పెద్దగా వినపడలేదు. హైటెన్షన్ లైను కింద పొలమంటే మన దగ్గర కొనేవాడు ముందు తీగలవైపు చూసి, తర్వాతే రేటు మాట్లాడతాడు. టవర్ కాళ్ల మధ్య ట్రాక్టర్ తిరగదు. ఇక్కడ భూమిని సేకరించరు, వాడుకుంటారంతే. పాసుపుస్తకం రైతు పేరు మీదే ఉంటుంది. 2024 జూన్ కేంద్ర మార్గదర్శకాల ప్రకారం టవర్ నిలబడ్డ జాగాకు భూమి విలువకు రెట్టింపు, తీగల కింది జాగాకు 30 శాతం ఇవ్వాలి. ఆ 30 శాతాన్ని రిజిస్ట్రేషన్ విలువ మీద కడతారా, ఊళ్లో నడిచే రేటు మీదా? మార్కింగ్ రాళ్లు పాతకముందే అడగాల్సిన ప్రశ్న ఇది.