బంతి వంక చూపు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బంతి వంక చూపు గారికి,

పాలమూరులో పిల్లలకు బేస్‌బాల్ నేర్పే కోచ్ నమస్కరించి రాయునది. మీ క్షేమ సమాచారం వేరే అడగనక్కర్లేదు, రోజూ సాయంత్రం మా మైదానంలో కనబడుతూనే ఉన్నారు. బంతి బ్యాటుకు తగలడమే ఆలస్యం, మావాడి కాళ్లు ఒకవైపు, కళ్లు మరోవైపు. ఆ కళ్లను వెంటబెట్టుకుపోతున్నది తమరే.

మీ పుట్టిల్లు క్రికెట్ అని తెలుసు. అక్కడ బంతిని కొట్టాక పరుగు తీయాలా వద్దా అన్నది బ్యాటర్ ఇష్టం. కాసేపు నిలబడి తన షాట్‌ను తానే మెచ్చుకున్నా అడిగేవాడు లేడు. ఇక్కడ కొట్టిన బంతి గీతల లోపల పడిందంటే పరుగెత్తక తప్పదు. ఈ ముక్క పరీక్షలో అడిగితే మావాళ్లకు నూటికి నూరు వస్తాయి. ఆటలో మాత్రం బంతి ఎంత దూరం పోయిందో తీరిగ్గా చూసుకుని, అవతలి జట్టు దాన్ని అందుకున్నాక బయలుదేరతారు. అదీ బ్యాటు చేత్తో పట్టుకుని! క్రీజే లేని ఆటలో దాన్ని ఎక్కడ ఆనిస్తారో నాకు అర్థం కాదు.

మైదానంలో చతురస్రం మూలల్లో ఉండే మజిలీలే బేస్‌లు. బ్యాటర్ హోమ్ అనే మూల నుంచి బయలుదేరి మొదటి, రెండో, మూడో బేస్‌లు తొక్కుతూ తిరిగి హోమ్ చేరితే ఒక పరుగు. మొదటి బేస్ విషయంలో ఈ ఆట పెద్ద రాయితీ ఇచ్చింది. బ్యాటర్ దాన్ని తొక్కి, వేగం తగ్గకుండా ముందుకు దూసుకుపోవచ్చు. రెండో బేస్ వైపు మళ్లకుండా వెంటనే తిరిగి వస్తే చాలు, ఔట్ కాడు. రెండో, మూడో బేస్‌లకు ఈ సౌకర్యం లేదు. ఇంత ఉదారంగా ఇచ్చినదాన్ని మీ శిష్యులు వాడుకోరు. సగం దారిలో తల ఎడమకు తిరుగుతుంది, అంగ చిన్నదవుతుంది, బేస్ ముందు బ్రేకు పడుతుంది. పెద్దల మైదానంలో బేస్‌కూ బేస్‌కూ మధ్య 90 అడుగులు, మా పిల్లలకు 60. ఆ కాస్త దూరంలో ఒక్క అంగ పోగొట్టుకుంటే బంతి ముందే బేస్‌కు వచ్చి కూర్చుంటుంది, మావాడు ఔట్.

మిమ్మల్ని వదిలించుకోవడానికే బంతి లేని సాధన మొదలుపెట్టాను. ఇసుక నింపిన గోనె సంచులే మా బేస్‌లు. జట్టును మూడు ముక్కలు చేసి హోమ్, మొదటి, రెండో బేస్‌ల దగ్గర నిలబెట్టాను. ఈల వేయగానే ఒక్కో చోటి నుంచి ఒక్కొక్కరు ఒకేసారి కదలాలి. హోమ్ దగ్గరివాడు మొదటి బేస్ మీదుగా నేరుగా దూసుకుపోవాలి. మొదటి బేస్ వాడు రెండోదాన్ని చుట్టి మూడోదానికి, రెండో బేస్ వాడు మూడోదాన్ని చుట్టి హోమ్‌కు రావాలి. బేస్‌కు కాస్త ముందు గీత వదిలి కుడివైపు వెడల్పుగా పోయి, ఎడమ భుజం వంచి, సంచి లోపలి మూలను తొక్కి మలుపు తిరగాలి. ఖోఖో ఆడే అమ్మాయి ఒకతె మొదటిసారే అచ్చంగా అలాగే తిరిగింది. స్తంభం చుట్టూ తిరిగి తిరిగి వచ్చిన విద్య అది.

తర్వాత మావాడి వంతు. మొదటి బేస్ నుంచి బయలుదేరి, రెండోదాన్ని చేరకముందే కుడి భుజం మీదుగా వెనక్కి చూశాడు. బంతి నా జేబులో ఉంది. వాడు చూసిన చోట రెండు మేకలు మేస్తున్నాయి.

“ఏం చూస్తున్నావురా?”

“బంతి ఎక్కడుందోనని సార్.”

ప్రహరీ గోడ మీద కూర్చున్న వాళ్ల నాన్న కూడా అటే చూస్తున్నాడు. బంతి లేకుండా ఇదేం ఆట సార్ అని నన్నే నిలదీశాడు.

ఎదురుగా పడిన బంతిని ఒక్క క్షణం చూడటం తప్పు కాదు, నేనూ ఒప్పుకుంటాను. వెనక పడినదాన్ని చూడటానికే కదా మూడో బేస్ పక్కన నన్ను నిలబెట్టింది! రెండు చేతులూ పైకెత్తితే ఆగమని, ఒక చెయ్యి గుండ్రంగా తిప్పితే రమ్మని. భుజాలు పట్టేసేలా తిప్పుతున్నాను, చూసేవాడేడీ? మొన్న ఒకడు బంతి కోసం దారిలో ఆగిపోయాడు. వెనక వస్తున్నవాడూ బంతినే చూస్తూ వీణ్ని దాటేశాడు. దాటినవాడు ఔట్. ఇద్దరూ మీ భక్తులే.

పరధ్యానం పిల్లల సొత్తే అనుకోకండి. 1908 సెప్టెంబర్ 23న న్యూయార్క్ జెయింట్స్ ఆటగాడు ఫ్రెడ్ మెర్కిల్, గెలుపు పరుగు వచ్చేసింది కదా అని, మొదటి బేస్ నుంచి వెళ్లి తొక్కాల్సిన రెండో బేస్‌ను తొక్కకుండానే వెనుదిరిగాడు. షికాగో కబ్స్ వాళ్లు బంతితో ఆ బేస్ తొక్కి అతణ్ని ఔట్ చేయించారు. ఆ పరుగు చెల్లలేదు, ఆట 1-1 వద్ద ఆగిపోయింది. మళ్లీ ఆడిస్తే కబ్స్ గెలిచి లీగ్ టైటిల్ కూడా ఎగరేసుకుపోయారు. అప్పటికి మెర్కిల్ వయసు 19. ఆ మచ్చ బతికినన్నాళ్లూ అతణ్ని వదల్లేదు.

తమరి అసలు ఘనత ఇంకా చెప్పలేదు. బంతి గాలిలోకి లేచినప్పుడు రన్నర్ నిజంగానే దాన్ని చూడాలి. క్యాచ్ పట్టబోతున్నారనిపిస్తే బేస్‌కు అంటిపెట్టుకుని, ఫీల్డర్ చేతికి తగిలాకే పరుగు తీయాలి. తమరు చేయవలసిన ఉద్యోగం ఇదొక్కటే. సరిగ్గా ఆ పూటే సెలవు పెడతారు. మావాడు తల వంచుకుని గుర్రంలా పరుగెడతాడు. అక్కడ క్యాచ్, ఇక్కడ వాడు వదిలేసి వచ్చిన బేస్‌కు త్రో, ఒకే బంతికి ఇద్దరు ఔట్!

వచ్చే ఆదివారం నల్లగొండ జట్టు మా ఊరికి ఆడటానికి వస్తోంది. ఆ జట్టులోనూ తమరికి బంధువులు చాలామంది ఉన్నారని విన్నాను. ఆట అయ్యేదాకా వాళ్ల దగ్గరే ఉండండి. భోజనం మేమే పంపిస్తాం.

ఇట్లు,
మూడో బేస్ పక్కన చేతులు తిప్పే కోచ్