ముప్పై రోజులు ఆగితే ఆలస్యమే

వేసవి సెలవులు ముగిసి మన రాష్ట్రంలో బడులు తెరుచుకునేది మామూలుగా జూన్ 12న. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2002లో మొదలుపెట్టిన బాల కార్మిక వ్యతిరేక దినం కూడా అదే రోజు. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ఆ ఉదయం ర్యాలీలు, ప్రతిజ్ఞలు మామూలే. అయితే ప్లకార్డు పట్టుకుని ఎండలో నడిచేది బడికి వచ్చిన పిల్లలు. రాని పిల్లల జాడ ఆ ర్యాలీలో దొరకదు, తరగతి గదిలోని హాజరు పట్టీలో దొరుకుతుంది. ఏడో తరగతి దాటి ఎనిమిదికి రావలసిన పేరు ఎదురుగా మొదటి వారం గైర్హాజరు, రెండో వారం గైర్హాజరు, ఆ తర్వాత ఖాళీ గడి. ఈ రెండు జిల్లాల్లో బాల కార్మిక సమస్యను అర్థం చేసుకోదలచిన వారు ముందుగా తెరవవలసింది ఆ పట్టీనే అని మేము భావిస్తున్నాం.

పలాస, కాశీబుగ్గ ప్రాంతంలో జీడిపిక్కల పని ఎరిగినవారికి ఒక సంగతి చెప్పనక్కరలేదు. పిక్క పెంకులో ఉండే నూనె చర్మానికి తగిలితే కాలినట్టు బొబ్బలెక్కుతుంది, మానిన చోట నల్లటి మచ్చ మిగులుతుంది. అందుకే పిక్క కొట్టే ఆడవాళ్లు చేతులకు బూడిదో ఆముదమో పట్టించి కూర్చుంటారు. ఈ పరిశ్రమ నిలబడింది పెద్దవాళ్ల కష్టం మీదే, మరీ ముఖ్యంగా మహిళల కష్టం మీద. కానీ కూలి కిలోల లెక్కన కట్టే పని ఏదైనా ఇంటి గడప దాటి లోపలికి వచ్చిందంటే, తల్లి పక్కన మరో రెండు చిన్న చేతులు చేరడానికి ఎంతో సేపు పట్టదు. పొట్టు వలిచి, గుండు ఒక వైపు బద్ద ఒక వైపు వేరుచేసే ఆ పిల్లను ఎవరూ పనిలో పెట్టుకోలేదు, ఎవరి జీతాల పుస్తకంలోనూ ఆమె పేరు లేదు. రాత్రి పొద్దుపోయేదాకా కూర్చున్నందుకు మర్నాడు బడిలో కునుకు వస్తుంది. ఆపై వారం రోజుల నాగా, తర్వాత బడి మానేయడం. జీడిపిక్కల ప్రాసెసింగ్‌ను, ఇటుక బట్టీలను ప్రమాదకర పనులుగా గుర్తించి 1986 నాటి బాల కార్మిక చట్టం కింద నిషేధిత పనుల జాబితాలో చేర్చడం ఊరికే జరగలేదు.

పిల్లలను పనికి పంపే తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదనే మాట పట్టణాల్లో తరచూ వినిపిస్తుంది. ఆ మాటతో మేము ఏకీభవించం. ఉద్దానం సంగతే చూడండి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో మూత్రపిండాల వ్యాధి ఎన్ని ఇళ్లను కూల్చిందో రాష్ట్రమంతటికీ తెలుసు. ఇంటి పెద్ద డయాలసిస్‌కు వారానికి రెండు మూడు సార్లు వెళ్లవలసి వస్తే, అతని కూలి పోవడమే కాకుండా తోడు వెళ్లే మనిషి కూలి కూడా పోతుంది. తల్లి తోడు వెళితే ఇంట్లో చిన్నవాళ్లను చూసేది పెద్దమ్మాయి. తల్లి తోటల్లో పనికి వెళితే ఆస్పత్రికి తోడు వెళ్లేది పెద్దబ్బాయి. డయాలసిస్ రోగులకు ప్రభుత్వం నెలకు ఇస్తున్న రూ.10,000 పింఛను, 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి పెద్ద ఊరట, కాదనలేం. అయినా రోగం వచ్చిన ఇంట్లో బడి ఈడు పిల్లలు ఎందరు, వాళ్లు ఈ వారం బడికి వెళ్లారా లేదా అని అడిగే బాధ్యత ఇప్పటికీ ఏ శాఖదీ కాదు. పింఛను రాసే చేతితోనే ఆ ఒక్క ప్రశ్న కూడా రాయించడం కష్టమైన పనేమీ కాదు.

చట్టం బలహీనంగా ఉందని ఎవరూ అనలేరు. 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోరాదని 2016 సవరణ స్పష్టంగా చెప్పింది. పెట్టుకున్నవారికి ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా రూ.20,000 నుంచి రూ.50,000 దాకా జరిమానా, లేదా రెండూ. అదే సవరణ ఒక తలుపు మాత్రం తెరిచి ఉంచింది. ప్రమాదకరం కాని కుటుంబ వ్యాపారంలో బడి వేళల తర్వాతా సెలవుల్లోనూ పిల్లలు సాయపడవచ్చు. కుటుంబమంటే తల్లిదండ్రులు, తోబుట్టువులే కాదు, మేనత్తలు, మేనమామలు, పెదనాన్నలు, బాబాయిలు, పెద్దమ్మలు, పిన్నులు కూడా అందులోకి వస్తారు. ఊళ్లో వరసలు కలపని మనిషి ఎవరు? తనిఖీకి వచ్చిన అధికారి ముందు ప్రతి హోటల్ యజమానీ మేనమామే అవుతాడు. ఈ సంగతి ఊహించే కాబోలు, 2017లో సవరించిన నిబంధనలు ఆ సాయానికి హద్దులు గీశాయి. రోజుకు మూడు గంటలకు మించరాదు, రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు అసలు చేయించరాదు. ఇంకో నిబంధన ఇంతకన్నా ముఖ్యమైనది. ఏ పిల్లవాడైనా చెప్పకుండా వరసగా 30 రోజులు బడికి రాకపోతే ప్రధానోపాధ్యాయులు ఆ సంగతిని జిల్లాలో ఇందుకు నియమించిన నోడల్ అధికారికి తెలియజేయాలి. మా దృష్టిలో మొత్తం వ్యవస్థకు ఇదే ఆయువుపట్టు. కార్మిక శాఖ తనిఖీ బృందం చేరలేని ప్రతి ఇంటికీ బడి హాజరు పట్టీ చేరుతుంది.

అయితే ముప్పై రోజులంటే ఎంత కాలం! సంక్రాంతికి ఊరికొచ్చిన మేస్త్రి అడ్వాన్సు చేతిలో పెట్టి, కనుమ వెళ్లిన వారంలో కుటుంబాన్ని రైలెక్కిస్తాడు. పలాసలోనో ఆమదాలవలసలోనో విజయనగరంలోనో ఎక్కిన ఆ కుటుంబం రెండో రోజుకల్లా విజయవాడలోనో హైదరాబాద్‌లోనో చెన్నైలోనో కట్టుబడి స్థలం పక్కన రేకుల షెడ్డులో ఉంటుంది. బడి నుంచి ఉత్తరం కదిలేసరికి పిల్లవాడు ఇసుక జల్లించడం నేర్చుకుని ఉంటాడు. ఎదురు దిశలో కూడా ఇదే కథ. ఒడిశా నుంచి మన వైపు ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాల పిల్లలు మన బడుల పట్టీల్లో లేరు, తమ ఊరి పట్టీల్లోంచి జారిపోయారు. ఇచ్ఛాపురం సరిహద్దు మండలాల్లో ఒడియా మాధ్యమం బడులు ఉన్న జిల్లాకు, బట్టీల సీజన్‌లో ఆ పిల్లలకు నాలుగు అక్షరాలు చెప్పే ఏర్పాటు చేయడం అసాధ్యమని మేము అనుకోవడం లేదు. అడ్వాన్సు తీరేదాకా కుటుంబం కదలడానికి వీల్లేదంటే అది 1976 చట్టం నిషేధించిన వెట్టిచాకిరీ అవుతుందన్న సంగతి బట్టీల యజమానులకూ, తనిఖీకి వెళ్లే రెవెన్యూ అధికారులకూ గుర్తుండాలి.

పద్నాలుగు నిండిన పిల్లల విషయంలో మన ఉదాసీనత మరీ ఎక్కువ. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వరకే భరోసా ఇస్తుంది. ఆ మీదట ప్రమాదకరం కాని పని చట్టబద్ధం. పదహారో నంబరు జాతీయ రహదారి మీద రాత్రి పదకొండు గంటలకు దాబాలో బల్ల తుడుస్తున్న కుర్రాడి గురించి అడిగితే “పదిహేను నిండాయండీ” అనే జవాబు వస్తుంది, అక్కడితో అందరి బాధ్యతా తీరిపోతుంది. నిజానికి పదిహేను నిండినా రాత్రి 7 తర్వాత అతనితో పని చేయించకూడదు. విరామంతో కలిపి ఆరు గంటలకు మించకూడదు. ఆ కుర్రాడి కాళ్ల వేళ్ల మధ్య నీళ్లకు నాని చర్మం తెల్లగా విచ్చుకుని ఉండడం టీ తాగుతూ మనలో చాలామంది చూసే ఉంటాం. చూసి బిల్లు కట్టి బస్సెక్కేశాం, ఈ పత్రికలో పనిచేసే మేము కూడా.

దాడులు చేసి పిల్లలను విడిపించడం అవసరమే. కాని విడిపించిన మర్నాటి నుంచి ఏం జరుగుతుందో ఎక్కడా నమోదు కావడం లేదు. బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచి, తల్లిదండ్రులతో కాగితం రాయించుకుని పంపేస్తే, అప్పు అలాగే ఉన్న ఇంటికి ఆ పిల్లవాడు తిరిగి చేరతాడు. అప్పిచ్చినవాడు అంతకన్నా ముందే చేరి ఉంటాడు. ఈ ప్రమాదాన్ని సుప్రీంకోర్టు ఎప్పుడో గుర్తించింది. ఎం.సి.మెహతా కేసులో 1996 డిసెంబరులో ఇచ్చిన తీర్పు ఒక్కో పిల్లవాడికి యజమాని నుంచి రూ.20,000 వసూలు చేయాలంటూనే, అతని స్థానంలో ఇంట్లోని పెద్దవారికి పని చూపించాలని, చూపించలేకపోతే ప్రభుత్వం రూ.5,000 జమ చేయాలని చెప్పింది. ఇప్పటి చట్టం ప్రకారం జరిమానా సొమ్ముకు తోడు ప్రభుత్వం ఆ పిల్లవాడి పేరిట రూ.15,000 జమ చేయాలి. మన రెండు జిల్లాల్లో ఎందరి పేరిట ఆ ఖాతాలు తెరిచారో కలెక్టర్లు ప్రకటించాలని కోరుతున్నాం. 1988లో మొదలైన జాతీయ బాల కార్మిక పథకాన్ని 2021లో బడి చదువుల పథకమైన సమగ్ర శిక్షలో కలిపేశాక, పని మానిన పిల్లలను నేరుగా తరగతిలో కూర్చోబెట్టకుండా కొన్ని నెలలు సిద్ధం చేసే ప్రత్యేక బడుల లోటు తెలుస్తూనే ఉంది. నాలుగేళ్లు పని చేసిన పదమూడేళ్ల పిల్లవాడిని ఎనిమిదేళ్లవాళ్ల మధ్య కూర్చోబెడితే రెండు రోజులు కూడా ఉండడు. ఈ సిగ్గును అర్థం చేసుకునే రంగారెడ్డి జిల్లాలో ఎం.వి.ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ బ్రిడ్జి శిబిరాలు నడిపి, ఊళ్లకు ఊళ్లనే బడి వైపు తిప్పింది. బడిలో లేని ప్రతి పిల్లా బాల కార్మికురాలే అన్న ఆ సంస్థ సూత్రం, దాన్ని నడిపిన శాంతా సిన్హాకు 2003లో వచ్చిన మెగసెసే పురస్కారంతో దేశమంతటా చర్చకు వచ్చింది. లెక్కల విషయంలోనూ ఆ సూత్రమే మనకు దారి. 2011 జనగణన దేశంలో పనిచేసే పిల్లలు కోటికి పైగా ఉన్నారని చెప్పింది. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది. పాత సంఖ్యల కోసం వెతుక్కునేకంటే ఈ ఏడాది బడి మానినవాళ్ల పేర్లు ఊరివారీగా రాసుకోవడం మేలు.

రాష్ట్ర ప్రభుత్వ పథకం ‘తల్లికి వందనం’ కింద తల్లి ఖాతాలో సొమ్ము పడాలంటే 75 శాతం హాజరు ఉండాలి. నిబంధన మంచిదే. కాని హాజరు తగ్గిన పిల్లవాడి పేరు అనర్హుల జాబితాలోకి వెళ్లి అక్కడే ఆగిపోతే, అతి పేద ఇంటికే సాయం ఆగినట్టవుతుంది. ఆ జాబితా గ్రామ సచివాలయంలోని సంక్షేమ, విద్యా సహాయకుని చేతికీ మహిళా పోలీసు చేతికీ వెళ్లాలి, వారు ఆ ఇంటి తలుపు తట్టాలి. నిబంధన చెప్పిన 30 రోజుల కోసం చూడకుండా వారం రోజుల గైర్హాజరునే హెచ్చరికగా తీసుకునేలా రెండు జిల్లాల కలెక్టర్లు ఉత్తర్వు ఇవ్వవచ్చు, దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. వలస వెళ్లే కుటుంబాల పిల్లలను ఊళ్లోనే ఉంచి చదివించే సీజనల్ హాస్టళ్లకు సమగ్ర శిక్షలో వీలుంది. వాటిని సంక్రాంతి తర్వాత మంజూరు చేస్తే రైలు వెళ్లిపోయాక ప్లాట్‌ఫాం మీదికి చేరినట్టే అవుతుంది, డిసెంబరు మొదటి వారానికే తెరవాలి. పనిలో ఉన్న పిల్లలు కనిపిస్తే బాలల సహాయ నంబరు 1098కు ఫోన్ చేయవచ్చని పాఠకులకు కూడా మనవి. దసరా సెలవుల తర్వాత బడులు తెరిచిన తొలి శనివారానికి, తిరిగి రాని పిల్లల పేర్లు ప్రతి మండల విద్యాధికారి బల్ల మీద ఉన్నాయో లేదో ఈ పత్రిక విలేకరులు మండలం మండలానా వెళ్లి అడుగుతారు.