మందుల డబ్బాలోని అరషీటు గారికి

మహారాజశ్రీ యాంటీబయాటిక్ మాత్రల అరషీటు గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అనడం మర్యాద. మీరు ఫ్రిజ్ మీద బిస్కెట్ డబ్బాలో కులాసాగానే ఉన్నారు కనుక అందులో సగం నిజమే. నేను మాత్రం ఎడమ చేతికి క్యాన్యులా (నరంలోకి మందెక్కించే గొట్టం) పెట్టించుకుని కుడి చేత్తో ఇది రాస్తున్నాను.

నిన్నటి సంగతి మీకు తెలియాలి. యూరిన్ కల్చర్ రిపోర్టు, అంటే లోపల ఏ క్రిమి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చెప్పేది, పన్నెండింటికల్లా ఇస్తామన్నారు. నాలుగున్నరకి ఇచ్చారు. ఈలోగా ఆస్పత్రి బాత్రూముకి తొమ్మిదిసార్లు వెళ్ళాను, అందులో ఎనిమిదిసార్లు ఊరికే. చివరికి డాక్టరమ్మ రిపోర్టు చూసి, "ఇంతకుముందు ఏ యాంటీబయాటిక్ వాడారమ్మా?" అంది. నేను గర్వంగా హ్యాండ్‌బ్యాగులోంచి మిమ్మల్ని తీసి ఇచ్చాను. ముందుచూపు ఉన్న మనిషిని కదా.

ఆవిడ మిమ్మల్ని ట్యూబ్‌లైటుకి ఎదురుగా పట్టి చూసింది. తిప్పి చూసింది. మీ ఒంటి మీద "క్సాసిన్" అనే తోక ఒక్కటే మిగిలింది. తల, మోతాదు, గడువు తేదీ అన్నీ మెడికల్ షాపు కత్తెరకి బలైపోయాయి. "నార్‌ఫ్లాక్సాసినా? సిప్రోఫ్లాక్సాసినా? ఆఫ్లాక్సాసినా?" అని అడిగింది. "ఏదో ఒక క్సాసిన్ అండీ" అన్నాను. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పినదాన్ని. పక్కనున్న జూనియర్ డాక్టరు నవ్వాపుకోవడానికి కిటికీలోంచి బయటికి చూశాడు.

రిపోర్టు అచ్చం మార్కుల లిస్టులా ఉంది. ఇ.కోలి అనే బాక్టీరియా, మిల్లీలీటరుకి లక్షకు పైగా. కింద మందుల పేర్లు, వాటి ఎదురుగా ఒక్కో అక్షరం. ఎస్ అంటే సరే, ఆర్ అంటే రాదు, ఐ అంటే ఐతే అయింది. నేనిలాగే చదువుకున్నాను. మీ క్సాసిన్ వంశం మొత్తానికి ఆర్. సెఫిక్సిమ్‌కి ఆర్. అమాక్సిక్లావ్‌కి ఆర్. నోటితో మింగే వాటిలో నైట్రోఫ్యురాంటాయిన్, ఫాస్ఫోమైసిన్ పాసయ్యాయి. కానీ చలిజ్వరం, నడుము పక్క పోటు వచ్చాయంటే కిడ్నీ దాకా ఎక్కిందని లెక్కట. అక్కడికి అవి చాలవట. కాబట్టి రోజుకొక ఇంజెక్షను, నరానికి, ఏడు రోజులు.

ఇదంతా ఎలా మొదలైందో మీకు గుర్తుండే ఉంటుంది. రెండేళ్ళ కిందట మంట. మా వదిన "వేడి చేసిందే, బార్లీ తాగు" అంది. తాగాను. తగ్గలేదు. మెడికల్ షాపు అబ్బాయి నేను నోరు తెరవకముందే, "యూరిన్ మంటా ఆంటీ? ఐదు రోజులకివ్వనా, రెండు రోజులకా?" అన్నాడు. కూరగాయల బేరం అలవాటైన ప్రాణం కదా, రెండు రోజులకే అన్నాను. కత్తెర టక్కుమంది. రెండో రోజు సాయంత్రానికి మంట తగ్గింది. ఇంక ఎందుకులే అని ఒక పూట మందు మిగిల్చాను. తర్వాతిసారి అదే మళ్ళీ, ఆ తర్వాత మళ్ళీ. మధ్యలో ఒకసారి హెల్త్ ప్యాకేజీ యూరిన్ టెస్టులో పస్ సెల్స్ (చీము కణాలు) కనబడ్డాయని, ఏ బాధా లేకపోయినా ఒక షీటు మింగాను. గర్భిణులకీ, కొన్ని ఆపరేషన్ల ముందూ తప్ప, బాధ లేని బాక్టీరియాని షుగరున్నా సరే కదపకూడదట. నిన్న చెప్పింది డాక్టరమ్మ.

మా ఇంట్లో ఏదీ పారెయ్యం. మిగిలిన అన్నం పొద్దున పులిహోరవుతుంది, మిగిలిన చీర దిండు గలీబవుతుంది. మీరూ అలాగే ఉండిపోయారు. మా ఆయన పంటినొప్పికి రెండు, వాచ్‌మన్ కూతురి జ్వరానికి రెండు. మా అమ్మాయి డాలస్ వెళ్తుంటే ఆవకాయ సీసాల మధ్య ఒక షీటు, ఎందుకైనా మంచిదని.

మిగులు సంగతి నా ఒంట్లోనూ ఉందని నిన్ననే తెలిసింది. పద్నాలుగేళ్ళ షుగరుకి బ్లాడరు నరాలు మొద్దుబారతాయట. నేను అయిపోయిందనుకుని లేచి వచ్చేస్తాను. లోపల స్కానులో నూటయాభై మిల్లీలీటర్లు మిగిలే ఉంది, అందులో చక్కెర కూడా. ఇ.కోలికి అంతకన్నా మంచి హాస్టలు ఎక్కడ దొరుకుతుంది? మీరు వచ్చి అర్భకుల్ని చంపేసి, మొండివాళ్ళని మాత్రం మిగిల్చి వెళ్ళారు. వాళ్ళు పిల్లాపాపలతో వర్ధిల్లారు. పైగా మందుని తట్టుకునే జన్యువుని వాళ్ళు పక్కవాళ్ళకి కూడా అందిస్తారు, మనం గోడ మీంచి కూర గిన్నె అందించినట్టు.

పెన్సిలిన్ కనిపెట్టింది ఎవరు, ఏ సంవత్సరం? ఫ్లెమింగ్, 1928. ఈ ప్రశ్న ఎన్ని యూనిట్ టెస్టుల్లో ఇచ్చానో. అదే ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసంలో ఒక గొంతునొప్పి మనిషి కథ చెప్పాడు. వాడు సొంతంగా మందు కొనుక్కుంటాడు. క్రిముల్ని చంపడానికి అది చాలదు, వాటికి చదువు చెప్పడానికి మాత్రం సరిపోతుంది. ఆ చదువుకున్న క్రిములు భార్యకి అంటి, పెన్సిలిన్ పనిచెయ్యక ఆవిడ పోతుంది. నా క్లాసులో ఏడాదికి పదిమంది ఫెయిలయ్యేవారు. బ్లాడరులో పెట్టిన ట్యూషన్ సెంటరులో మాత్రం నూటికి నూరు శాతం ఉత్తీర్ణత!

తప్పంతా మీదేనని అనను. మీ వెనక నిలువుగా ఒక ఎర్రగీత ఉండేది. డాక్టరు చీటీ లేకుండా వాడొద్దని దాని అర్థమట, 2016లో ప్రభుత్వం ప్రచారం కూడా చేసింది. నేను డిజైననుకున్నాను. మీలో కొన్ని రకాలు అమ్మితే షాపులో రిజిస్టరు రాయాలని 2014 నుంచి రూలుంది. మా షాపులో ఆ రిజిస్టరు ఎప్పుడైనా బయటికి తీశారేమో నేను చూడలేదు. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగు శుద్ధి చేసి వదిలే నీళ్ళలో సిప్రోఫ్లాక్సాసిన్, ఆ మాత్ర మింగిన మనిషి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువుందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లోనే రాశారు. అక్కడ వాగుకే కోర్సు నడిచిందన్నమాట. ఢిల్లీ వచ్చి వెళ్ళిన, షుగరున్న ఒక పెద్దమనిషి యూరిన్ ఇన్ఫెక్షన్‌లో దొరికిన మందుల్ని పనిచెయ్యనివ్వని కొత్త ఎంజైముకి ఎన్‌డీఎమ్ అని ఆ ఊరి పేరే పెట్టారు. మనవాళ్ళు 2010లో పేరు మీద పోట్లాడారు, క్రిమి మీద కాదు.

అయినా నువ్వేం తక్కువ తిన్నావని నీతో ఈ మర్యాదలు? రెండేళ్ళు ఆ డబ్బాలో పడుండి, నేను చెయ్యి పెట్టినప్పుడల్లా "నేనున్నాగా" అన్నట్టు మెరిశావు. ఎనభై రూపాయల నీ పుణ్యాన రోజుకి వేలు కడుతున్నాను. నర్సమ్మకి నరం దొరక్క మూడు చోట్ల పొడిచింది. పేరు కూడా సరిగ్గా చెప్పుకోలేని దానివి, నీకోసం నేను అబద్ధం ఆడాను తెలుసా? "కోర్సు పూర్తిగా వాడారా?" అంటే తల ఊపాను. నువ్వు ఆవిడ చేతిలోనే ఉన్నావు, రెండు మాత్రలతో.

ఇట్లు,
మీ జీవశాస్త్రం టీచరు

తా.క.: రాత్రి మా ఆయన నాలుగుసార్లు తుమ్మి, "డబ్బాలో ఏమైనా ఉందా?" అని అడిగారు. లేదన్నాను. కుర్చీ వేసుకుని ఫ్రిజ్ మీద వెతుకుతున్నారు. నువ్వు అప్పటికే డబ్బా దిగి నా దిండు కింద ఉన్నావు.