పక్షి ఫోటోలకు పెద్ద లెన్స్, దూరపు అడవి తప్పనిసరా?

పక్షుల ఫోటోలు కొత్తగా మొదలుపెట్టేవాళ్ల మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇదీ: "600 ఎం.ఎం. లెన్స్ లేకుండా పక్షుల జోలికి పోకండి. ఇంటి దగ్గర ఉండేవి మామూలు పిట్టలు, అసలైనవాటి కోసం దూరం వెళ్లాల్సిందే. వెళ్లాక పక్షి బయటికి రాకపోతే ఫోన్‌లో దాని కూత వినిపించండి. గూడు కనిపిస్తే మాత్రం ఫోటో తీయకుండా వదలకండి. పక్షికి పోయేదేమీ లేదు." మొదటి మాటలో కొంత నిజం ఉంది. రెండోది తప్పు. చివరి రెండూ పక్షుల ప్రాణం మీదికి తెచ్చేవి.

లెన్స్ సంగతి. ఎం.ఎం. అంకె ఎంత పెద్దదైతే లెన్స్ దూరపు పక్షిని అంత దగ్గరగా చూపిస్తుంది. అందుకే పొడవాటి లెన్స్ ఉంటే మేలే, కాదనను. దూరం రెట్టింపైతే ఫ్రేములో పక్షి ఎత్తు సగమవుతుంది, అది ఆక్రమించే చోటు నాలుగో వంతుకు పడిపోతుంది. కానీ అదే లెక్క ప్రకారం, దూరం సగానికి తగ్గితే 300 ఎం.ఎం. లెన్స్‌తోనే 600 అంత పక్షి వస్తుంది. దూరం తగ్గడమంటే పక్షి వెంట పడటం కాదు. అది మేత మేసుకుంటూ వచ్చే దారి చూసుకుని, ముందే వెళ్లి కదలకుండా కూర్చోవడం. పక్షులు మామూలుగా గాలికి ఎదురుగా లేస్తాయి, ఎదురుగానే వాలతాయి. గాలి మన వీపుకు తగిలేలా కూర్చుంటే వాలే పక్షి మన వైపే ముఖం పెట్టి వస్తుంది. ఇక ఎక్కువ వెలుతురు పట్టే 600 ఎం.ఎం. ఎఫ్/4 లెన్స్ ఒక్కటే సుమారు 3 కిలోలు ఉంటుంది. ప్రయాణంలో రోజంతా దాన్ని మోయడం అందరివల్లా అయ్యే పని కాదు. పైగా ఎండెక్కాక నేల మీద వేడిగాలి అలలు అలలుగా కదులుతుంది. ఆ గాలిలోంచి దూరపు పక్షిని తీస్తే ఎంత ఖరీదైన లెన్స్‌లోనైనా ఈకలు అలుక్కుపోతాయి. పొద్దున్నే, దగ్గరగా తీసిన చిన్న లెన్స్ ఫోటో దానికంటే ఎంతో నయం.

ఇంటి దగ్గరివి మామూలు పిట్టలన్న మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. పావురాన్నే చూడండి. నడుస్తుంటే తల ముందుకీ వెనక్కీ ఊపుతున్నట్టు అనిపిస్తుంది. నిజానికి అది తలను వెనక్కి లాగదు. ఒళ్లు ముందుకు సాగుతున్నంతసేపూ తలను ఒకచోటే నిలిపి ఉంచి, ఆ తర్వాత చటుక్కున ముందుకు చాస్తుంది. చుట్టూ ఉన్న దృశ్యం కంటికి నిలకడగా ఉండటం కోసమే ఇదంతా. ఫ్రాస్ట్ అనే శాస్త్రవేత్త 1978లో ప్రచురించిన ప్రయోగంలో పావురాలను ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. నడుస్తున్నా పరిసరాలు కదలకపోవడంతో ఆ తల ఊపు ఆగిపోయింది. తల నిలిచే ఆ క్షణం పట్టుకుంటే షట్టర్ స్పీడ్ కాస్త తక్కువైనా (అంటే షట్టర్ కాస్త ఎక్కువసేపు తెరిచి ఉన్నా) కన్ను స్పష్టంగా వస్తుంది. ఇది నేర్చుకోవడానికి ఏ అడవికీ వెళ్లనక్కర్లేదు.

పక్షుల పరిశోధకురాలు మార్గరెట్ మోర్స్ నైస్ అయితే అమెరికాలోని కొలంబస్ నగరంలో తన ఇంటి దగ్గర తిరిగే సాంగ్ స్పారోలనే చిన్న పిట్టల కాళ్లకు రంగు రింగులు తొడిగి, ఒక్కోదాన్నీ విడిగా గుర్తుపడుతూ ఏళ్ల తరబడి గమనించారు. 1937లో, 1943లో రెండు భాగాలుగా వచ్చిన ఆ పరిశీలన పక్షుల ప్రవర్తన గురించి మనకున్న అవగాహననే మార్చింది. దూరం వెళ్లొద్దని నేననడం లేదు. నాకూ ప్రయాణాలంటే ఇష్టమే. కాకపోతే రోజూ వినే కూతలు బాగా తెలిసినవాళ్లకే కొత్త చోట కొత్త కూత ఇట్టే చెవిన పడుతుంది.

ఇక ఫోన్‌లో కూత వినిపించడం. పక్షి దగ్గరికి వస్తుంది, నిజమే. ఎందుకొస్తుంది? తన హద్దులోకి మరో మగపక్షి చొరబడిందనుకుని తరిమికొట్టడానికి వస్తుంది. మేత మానేస్తుంది, జతను వదిలేస్తుంది, గద్దల కంటపడే చోట వాలి లేని శత్రువు కోసం వెతుకుతుంది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి అదే పని చేస్తే దానికి రోజంతా టెన్షనే. ఫోన్‌ను వినడానికి వాడుకోండి, తప్పులేదు. అమెరికాలో పక్షులపై పరిశోధన చేసే కార్నెల్ ల్యాబ్ వాళ్ల మెర్లిన్ యాప్ కూత విని పక్షి పేరు చెబుతుంది.

గూడు దగ్గర ఫోటో ఇంకా ప్రమాదం. మనిషి అలికిడికి తల్లి లేచిపోతే గుడ్లు చల్లబడిపోవచ్చు, ఎండలో ఉంటే ఉడికిపోవచ్చు. అడ్డొస్తోందని కొమ్మ విరిచినా, పక్కకు వంచినా నీడా పోతుంది, చాటూ పోతుంది. మన రాకపోకలను కాకులు కనిపెట్టి గూటి దాకా వస్తాయి. రెక్కలు వస్తున్న పిల్లలు బెదిరి ఎగరడం రాకముందే కిందికి దూకేస్తాయి. ముక్కున పురుగు పట్టుకున్న పక్షి ఎటూ వెళ్లకుండా కొమ్మ మీదే అటూ ఇటూ గెంతుతూ అరుస్తోందంటే, దానికీ గూటికీ మధ్య మనం ఉన్నామన్నమాట. అప్పుడు కెమెరా దించి, వచ్చిన దారినే వెనక్కి వెళ్లాలి. ఆ గూడు ఎక్కడుందో లొకేషన్ ఎవరికీ పంపకూడదు.