పంటు మీదా? పంటులోనా?

మా మేనకోడలు ఏడో తరగతి. దానికి ఇంగ్లీషు నేను చెప్పగలనని మా అక్క నమ్మకం. ఆ నమ్మకం చెడకుండా ఇన్నాళ్లూ కాపాడుకొచ్చాను. ఎవరేం అడిగినా గొంతు సవరించుకుని "అది సందర్భాన్ని బట్టి ఉంటుందమ్మా" అనేస్తాను. ఇంతవరకూ సందర్భం ఏదని తిరిగి అడిగినవాళ్లు లేరు.

మొన్న నరసాపురంలో పెళ్లి. సఖినేటిపల్లి రేవుకి చేరేసరికి, మనుషుల్నీ బళ్లనీ గోదావరి దాటించే పంటు ఒడ్డునే ఉంది. మా ఆవిడ చీరల బ్యాగూ, పనసపొట్టు సంచీ పట్టుకుని ముందే ఎక్కేసింది. నేనూ పిల్లా టికెట్లు తీసుకుని వెనక బయల్దేరాం. నాలుగడుగులు వేశామో లేదో, అది సంచిలోంచి వర్క్‌షీటు తీసింది. సోమవారం ఇవ్వాలట.

"వుయ్ క్రాస్‌డ్ ది గోదావరి డ్యాష్ ఎ ఫెర్రీ. మావయ్యా, ఫెర్రీ అంటే మన పంటే కదా? డ్యాష్‌లో ఏం పెట్టాలి?"

పక్కన ఇన్, ఆన్, బై, యాట్ అని నాలుగిచ్చారు. ఇదో లెక్కా అనుకుని "ఇన్" అన్నాను. బస్సులో, కారులో, పడవలో. లో అంటే ఇన్. నేను చదువుకున్న ఇంగ్లీషంతా ఇదే.

"అదెలా కుదురుద్దండీ?" అన్నాడు పక్కనే గెలలు దింపిస్తున్న అరటికాయల వ్యాపారి. "పంటుకి తలుపులున్నాయాండీ? కిటికీలున్నాయా? మన మోటారుసైకిలూ, ఆళ్ల గేదే, అన్నీ దాని మీదే కదండీ నిలబడేది. మీద అంటే ఆనేనండి. ఆయ్."

కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన కుర్రాడొకడు నవ్వాడు. "మా దగ్గర అన్నిటికీ బై అనేనండి. బై బస్, బై కార్. ఎవరూ ఏమీ అనరు."

అక్కడ టీ తాగుతున్న రిటైర్డు మేష్టారికి ఇక ఆగలేదు. గ్లాసు పక్కన పెట్టి వచ్చి కాగితం అందుకున్నారు.

"బై పెడితే మధ్యలో ఎ ఉండకూడదు. ఉత్తినే బై ఫెర్రీ అనాలి. ఇక్కడ ఎ ఉంది చూశావూ, అదే సాక్షి. బై కొట్టెయ్. ఇక ఇన్నా, ఆనా? ఎక్కాక లేచి నాలుగడుగులు వెయ్యగలిగితే ఆన్. బస్సు, రైలు, ఓడ, విమానం. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండాల్సొస్తే ఇన్. కారు, టాక్సీ, చిన్న పడవ."

"మరి ఆటో అండీ?" అన్నాడు వ్యాపారి.

"ఇన్."

"రాజోలు ఆటోలో డ్రైవరు పక్కన సగం బయటికి వేలాడతా ఎల్తే?"

మేష్టారు కాసేపు ఆలోచించారు. ఆ ప్రశ్నకి జవాబు ఇంకా రావాల్సే ఉంది.

నాకు మాత్రం మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఎప్పుడెళ్లినా "బస్సు మీదొచ్చావా నాయనా?" అని అడిగేది. "లోపల కూర్చునే వచ్చాన్లే" అని ఎకసెక్కాలాడేవాణ్ని. ఇప్పుడు చూస్తే ఆన్ ది బస్ అన్నది ఆవిడే. ఇంట్లో ఇంగ్లీషొచ్చిన మనిషి ఆవిడొక్కతే అన్నమాట.

మేష్టారు ఊపు మీదున్నారు. "ఇంగ్లీషంటే బెదరకమ్మా. వాళ్లూ మన దగ్గర మాటలు పట్టుకెళ్లినవాళ్లే. మన పందికొక్కునే వాళ్లు బాండికూట్ చేసుకున్నారు. అంతెందుకు, అవతలి ఒడ్డున మాధవాయిపాలెం ఉందా? అక్కడ ఈస్టిండియా కంపెనీవాళ్లు గుడ్డల వ్యాపారం చేశారు. ఆ ఊరి పేరే ఒక రకం నూలుగుడ్డకి పెట్టుకుని మడపోలం అన్నారు. ఈనాటికీ వాళ్ల నిఘంటువులో ఉంది. అదిగో, అటు చూడు!"

అందరం ఆయన వేలు చూపించిన వైపు తిరిగాం. మాధవాయిపాలెం సంగతేమో గానీ, వశిష్ఠ గోదావరి నడిమధ్యన మా పంటు స్పష్టంగా కనిపించింది. హారన్ రెండుసార్లు కొట్టాడట. మేం యాట్ దగ్గరికి ఇంకా రానేలేదు.

ఫోను మోగింది.

"ఎక్కడున్నారండీ?"

"రేవులో."

"నేనెక్కడున్నానో తెలుస్తోందా?"

తెలుస్తోంది. ఆన్ ఎ ఫెర్రీ. కానీ ఇప్పుడది చెప్పే సందర్భం కాదు.

"టికెట్లేవీ?"

"నా చేతిలోనే ఉన్నాయి, మూడూను."

అవతల కాసేపు ఇంజను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఆ తర్వాత వినపడినవి ఇక్కడ రాయను.

రాజోలు, దిండి దాటి, చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు చుట్టి వెళ్దామా అన్నాను. ఈలోగా భోజనాల పంక్తి లేచిపోతుందన్నారు మేష్టారు. అప్పుడు తెలిసింది, ఆయనా అదే పెళ్లికట, అదే పంటు ఎక్కాలట. ఆయన టీ చల్లారిపోయింది. వ్యాపారి గెల నుంచి నాలుగు పళ్లు తుంచి అందరికీ ఇచ్చాడు.

మెట్ల మీద కూర్చుని పిల్ల కింది ప్రశ్న చదివింది. "వుయ్ ఆర్ వెయిటింగ్ డ్యాష్ ది ఫెర్రీ."

మేష్టారు గొంతు సవరించుకున్నారు. నేనూ సవరించుకున్నాను. అది మా ఇద్దరి వంకా చూసి, కాగితం అటు తిప్పుకుని, ఎవర్నీ అడక్కుండా 'ఫర్' అని రాసేసుకుంది.