మన గోడ మీద శవపేటికకు చోటుందా?

అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎడిసన్ నుంచి కారులో గంట కూడా పట్టదు రూజ్‌వెల్ట్ అనే చిన్న ఊరికి. అక్కడి బడి గోడ మీద చిత్రకారుడు బెన్ షాన్ 1937-38లో వేసిన కుడ్యచిత్రం ఉంది. కొత్త భవనానికి చందాలు వసూలు చేస్తున్న ఇక్కడి మన తెలుగు సంఘాల పెద్దలు ముందు దాన్ని చూసి రావాలని నా మనవి.

షాన్ లిథువేనియాలో 1898లో పుట్టిన యూదుడు. 1906లో తల్లి వెంట న్యూయార్క్ చేరాడు. చిన్నతనంలోనే లితోగ్రఫీ అచ్చుపనికి కుదిరాడు. 1933లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో కుడ్యచిత్రం వేస్తున్న మెక్సికో చిత్రకారుడు డియెగో రివేరా దగ్గర సహాయకుడు. ఆ చిత్రంలో లెనిన్ ముఖం కనిపించిందని యజమానులు పని ఆపించి, మరుసటి ఏడాది బొమ్మను గోడతో సహా పగలగొట్టించారు. డబ్బిచ్చినవాడికి కోపం వస్తే ఏమవుతుందో షాన్ దగ్గరుండి చూశాడు. అయినా మెత్తబడలేదు.

రూజ్‌వెల్ట్ అప్పట్లో జెర్సీ హోమ్‌స్టెడ్స్. కుట్టుపనివారైన యూదు కుటుంబాల కోసం ప్రభుత్వం కట్టించిన ఊరు. తడి సున్నం మీద వేసిన ఆ చిత్రంలో వలసజనం ఓడ దిగుతుంటారు. ముందు వరసలో ఐన్‌స్టీన్, ఆ గుంపులోనే షాన్ తల్లి. ఐన్‌స్టీన్ అమెరికాలో స్థిరపడింది 1933లో, షాన్ తల్లి వచ్చింది 1906లో. షాన్ ఇద్దరినీ ఒకే ఓడ నుంచి దింపాడు! అక్కడే సాకో, వాంజెట్టిల శవపేటికలు. 1927లో విద్యుత్ కుర్చీకి బలైన ఇటలీ వలసకార్మికులు వాళ్లు. ఆ తర్వాత ఇరుకు గదుల్లో కుట్టుమిషన్ల మీద వంగిన వీపులు. ఊరి నక్షా చివరికి గాని రాదు. ఆ గోడను విడిచి వెళ్లలేకనో ఏమో, 1939లో షాన్ కాపురమే ఆ ఊరికి మార్చాడు.

మన భవనాల్లో ఏముంటాయి? గుమ్మం పక్కన దాతల పేర్లు, ఇచ్చిన సొమ్మును బట్టి అక్షరాల పరిమాణం. (నా పేరూ ఉంది, కళ్లజోడు పెట్టుకుంటే కనిపిస్తుంది.) లోపల నటరాజు, చార్మినార్. వాటితో నాకు పేచీ లేదు. కానీ అవన్నీ వదిలి వచ్చిన చోటివి. వచ్చిన దారి ఏది? ఒకే గదిలో ఆరుగురు పడుకున్న గెస్ట్‌హౌస్, భర్త వీసాకు అనుబంధంగా వచ్చే, చాలామందికి ఉద్యోగ అనుమతి లేని హెచ్4 వీసా మీద డిగ్రీ పట్టా బీరువాలో దాచుకున్న ఆడపడుచు, 2017లో కాన్సస్‌లో జాతిద్వేషపు తూటాకు బలైన మన ఇంజనీరు ఏ గోడ మీద ఉన్నారు?

ఈ మాటే ఒక సమావేశంలో అన్నాను. "శుభమా అని భవనం కట్టుకుంటుంటే శవపేటికలెందుకండీ, పిల్లలు తిరిగే చోట?" అన్నారొక పెద్దాయన.

షాన్ గోడ ఉన్నది పిల్లల బడిలోనేనండీ అన్నాను.